ఫైటర్ మీదికి ఐదు క్రాస్‌బోలు ఎక్కుపెట్టినా భయం లేదు. ఫైట్ రూల్స్ మార్చాలా?

ఆదివారం_డీఎం

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో చిన్న గ్రూప్. నేను డీఎం (డంజన్ మాస్టర్), అంటే కథ నడిపేది నేనే, ఐదుగురు ప్లేయర్లు. పాత్రలు వేస్తూ పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో ఆడుతున్నాం, ఇప్పుడు అందరూ పదో లెవెల్‌లో ఉన్నారు. ఇన్నాళ్లూ సాఫీగానే సాగింది గానీ పోయిన వారం ఒక ఫైట్ దగ్గర టేబుల్ రెండుగా చీలిపోయింది, ఇంకా ఆ వాదన వాట్సాప్‌లో నడుస్తూనే ఉంది.

సీన్ ఇదీ. లోయ మీద సన్నటి రాతి వంతెన, అవతలి ఒడ్డున ఐదుగురు బందిపోట్లు, లైట్ క్రాస్‌బోలు ఎక్కుపెట్టి నిలబడ్డారు. "ఆయుధాలు కింద పెట్టండి, లేకపోతే వేసేస్తాం" అన్నాడు వాళ్ల నాయకుడు. ఇక్కడ ఫైట్ జరగాలని నేను అనుకోలేదు, ఇది బేరం సీన్. మాట్లాడతారు, ఎంతో కొంత ముట్టజెప్పి దాటుతారు, లేదంటే లోయలోకి దిగే దారి వెతుకుతారు అనుకున్నాను. మా ఫైటర్ (యోధుడి పాత్ర) ప్లేయర్ తన పాత్ర అంకెలున్న షీట్ ఒకసారి చూసుకుని "నాకు 84 హిట్ పాయింట్లు, ప్లేట్ కవచం, ఆర్మర్ క్లాస్ 18, వేసుకోమనండి" అని నేరుగా వంతెన మీద నడిచి వెళ్లిపోయాడు. (హిట్ పాయింట్లంటే సున్నా అయ్యేదాకా తట్టుకోగల దెబ్బల లెక్క, ఆర్మర్ క్లాస్ అంటే దెబ్బ తగలాలంటే ఎదుటివాడి పాచికకి రావాల్సిన అంకె.) ఐదు బాణాలు వేశారు, ఒకటి తగిలింది, ఆరు పాయింట్లు పోయాయి. తర్వాత రెండు రౌండ్లలో ఐదుగురూ చచ్చారు.

దీంతో ఇంకో ప్లేయర్‌కి బాగా చిరాకేసింది. ఆయన చిన్నప్పుడు ఊళ్లో కర్రసాము నేర్చుకున్న మనిషి. లేచి నిలబడి, మా ఇంట్లో తుడుపు కర్ర తీసుకుని చూపించారు: "ఇదిగో, కర్ర తిప్పేవాడి ముందుకి ఎవడూ ఊరికే వెళ్లడు. వాడి కర్ర ఎంత దూరం వస్తుందో కంటితో కొలుచుకుని, దాని బయటే తిరుగుతూ, వాడి చెయ్యి మారే క్షణం కోసం చూస్తాం. అది కర్రే, బాణం కూడా కాదు. ఈ ఆటలో ఎవడికీ దేనికీ భయం లేదు, నంబర్లు చూసుకుని నడుస్తున్నారు." ఫైటర్ ప్లేయర్ ఊరుకోలేదు. "84 అని రాసి ఉంటే 84 ఉన్నట్టే ఆడతాను కదా, లేనట్టు నటించమంటారా" అన్నాడు. అందులోనూ న్యాయం ఉంది.

ఇప్పుడు గ్రూప్‌లో వచ్చిన ప్రతిపాదనలు: నేచురల్ 20 (ఇరవై ముఖాల పాచిక మీద నేరుగా 20) పడితే చెయ్యో కాలో పోయేలా క్రిటికల్ టేబుల్ పెట్టడం, కవచం దెబ్బ తగలకుండా ఆపే బదులు తగిలిన డ్యామేజ్ తగ్గించేలా మార్చడం, ఒక్క రాత్రి నిద్రతో గాయాలన్నీ మానిపోకుండా చూడటం. ఇవేవీ కాకపోతే మొత్తానికే గర్ప్స్ అనే వేరే ఆటకి మారిపోదాం అని ఒకరు. నాకు కావలసింది ఒక్కటే, వంతెన దగ్గరికి వచ్చినప్పుడు ప్లేయర్లు ఆగాలి, ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఇవి వాడి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_రూల్‌బుక్

డీఎం గారూ, రూల్స్ మార్చే ముందు హిట్ పాయింట్లు అసలు ఎందుకు పుట్టాయో ఒకసారి చూడండి.

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రాసిన చెయిన్‌మెయిల్ బొమ్మ సైనికులతో ఆడే యుద్ధం ఆట. అందులో మామూలు సైనికుడికి దెబ్బ పడితే బొమ్మ తీసి పక్కన పెట్టడమే. హీరో స్థాయి బొమ్మకి మాత్రం ఒకేసారి నాలుగు దెబ్బలు పడాలి. తర్వాత 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చేసరికి ప్లేయర్ చేతిలో సైన్యం లేదు, ఒకే ఒక్క మనిషి ఉన్నాడు, వాడికి పేరుంది, వాడిని వారం వారం ఆడాలి. అలాంటివాడు మొదటి పాచికకే పోతే ఆ ప్లేయర్ ఇంటికి వెళ్లిపోవాలి. అందుకని చావుని కొన్ని దెబ్బల దూరం వెనక్కి జరిపారు. హిట్ పాయింట్లు చేసే పని ఇదే, "ఇంకా ఉండాలా, కాలికి బుద్ధి చెప్పాలా" అని ప్లేయర్ ఆలోచించుకోవడానికి గడువు ఇవ్వడం.

గైగాక్స్‌ని ఇదే ప్రశ్న అప్పట్లోనే చాలామంది అడిగి ఉంటారు, ఎందుకంటే 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఆయన దీని గురించి బాగా వివరంగా రాశారు. ఆయన తీసుకున్న ఉదాహరణ కూడా పదో లెవెల్ ఫైటరే, 95 పాయింట్లు. మొదటి లెవెల్ వాడి గుండెలో దిగిపోయే కత్తిపోటు వీడిని గీసుకుని పోతుంది, నైపుణ్యం, అదృష్టం, అనుభవంతో వచ్చిన ఆరో ఇంద్రియం అన్నీ కలిపే ఆ 95 అని. నలభై యాభై పాయింట్లు పోయిన తర్వాత కూడా ఒంటి మీద ఉండేవి గీతలు, కమిలిన దెబ్బలు. అప్పట్లో ఒక రౌండ్ అంటే నిమిషం, ఆ నిమిషంలో ఎన్నో కత్తి వేట్లు, ఒడుపులు జరిగాయనుకుని, పనికొచ్చే ఒక్క అవకాశానికి ఒక పాచిక వేసేవాళ్లు. ఐదో ఎడిషన్‌కి వచ్చేసరికి రౌండ్ ఆరు సెకన్లు అయింది, దాంతో ప్రతి పాచికా ఒక నిజమైన కత్తి వేటులా వినిపించడం మొదలైంది. అప్పుడు రోజంతా విశ్రాంతి తీసుకుంటే ఒక్క పాయింట్ వచ్చేది, ఇప్పుడు ఎనిమిది గంటలు పడుకుంటే అన్నీ వచ్చేస్తాయి. పేరు ఒకటే మిగిలింది, దాని చుట్టూ ఉన్న లెక్క మారిపోయింది. మీ టేబుల్ మీద గొడవకి సగం కారణం ఇదే అని నా నమ్మకం.

అలాగని "హిట్ పాయింట్లంటే అదృష్టం" అని చెప్పేసి చేతులు దులుపుకోవడం కూడా నాకు నచ్చదు. మీ ఫైటర్ 200 అడుగుల ఎత్తు నుంచి పడ్డాడనుకోండి, రూల్ ప్రకారం 20డీ6, అంటే ఆరు ముఖాల పాచికలు ఇరవై, సగటు 70. లేచి బట్టలు దులుపుకుని నడుస్తాడు. ఏ అదృష్టం, ఏ ఒడుపు ఇక్కడ పనిచేసింది? గాయమే కాకపోతే క్లెరిక్ (పూజారి పాత్ర) వేసే క్యూర్ వూండ్స్ మంత్రం దేన్ని మాన్పుతోంది? ఏ ఒక్క వివరణా అన్ని చోట్లా నిలబడదు. నేను నా టేబుల్ దగ్గర పాటించేది, సగం పాయింట్లు పోయేదాకా దెబ్బ శరీరంలోకి దిగిందని చెప్పను. డాలు మీద పడింది, భుజం తిమ్మిరెక్కింది, ఊపిరి అందట్లేదు, ఇలాంటివే చెబుతాను. సగం దాటాక మొదటిసారి రక్తం కనిపిస్తుంది. 2008లో నాలుగో ఎడిషన్‌లో ఈ సగం గీతకి బ్లడీడ్ అని పేరే పెట్టారు, 2024 రూల్స్‌లో ఆ మాట మళ్లీ తెచ్చారు. నంబర్ ఒక్కటి కూడా మార్చకుండా, డీఎం నోటి మాటతోనే చాలా మారుతుంది.

లాంగ్‌స్వోర్డ్_బాబాయ్

నేను జర్మనీలో ఉంటాను, ఇక్కడ క్లబ్‌లో పాత ఐరోపా కత్తిసాము నేర్చుకుంటున్నాను, పదిహేనో శతాబ్దపు పుస్తకాలు ముందు పెట్టుకుని. ఆటలు కూడా ఆడతాను. కాబట్టి మీ కర్రసాము పెద్దాయన బాధ నాకు బాగా అర్థమైంది, కానీ వంతెన విషయంలో మాత్రం నా ఓటు ఫైటర్‌కే.

పూర్తి ప్లేట్ కవచం అంటే ఇరవై కిలోలు అటూ ఇటూగా ఉండే ఉక్కు, ఒంటి మీద అన్ని వైపులా బరువు పంచుకుని ఉంటుంది, తొడుక్కుని పరిగెత్తొచ్చు. దాన్ని చేసేవాళ్లు క్రాస్‌బోతో కొట్టి పరీక్షించి మరీ అమ్మేవాళ్లు. చిన్న క్రాస్‌బో బాణం చాలాసార్లు దాని మీద జారిపోతుంది. ఇక క్రాస్‌బో మళ్లీ ఎక్కుపెట్టడానికి టైమ్ పడుతుంది, బలమైనదైతే మర చక్రం తిప్పుతూ కూర్చోవాలి. అంటే మొదటి ఐదు బాణాలు అయిపోయాక ఆ బందిపోట్ల చేతుల్లో ఉన్నవి చెక్కముక్కలే. ప్లేట్ తొడుక్కున్నవాడు ముసుగు దించుకుని, తల వంచి, వేగంగా మీదికి వెళ్లిపోవడం చాలా సబబైన పని. నిజంగా భయపడాల్సింది కళ్ల దగ్గర సందుకి, చంక కిందికి, ఇంకా ఆ సన్నటి వంతెన మీంచి కాలు జారడానికి. కవచం లేని మీ విజర్డ్ (మంత్రగాడు) అదే పని చేసి ఉంటే అప్పుడు కర్రసాము ఆయన మాటే రైటు.

ఆయన చెప్పిన అసలు విషయం దూరం. ఐదో ఎడిషన్ ఫైట్‌లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది కూడా అదే, హిట్ పాయింట్లు నాకు పెద్ద సమస్య కాదు. ఈ రూల్స్‌లో ఎదుటివాడి అందుబాటులో నుంచి బయటికి వస్తే ఆపర్చునిటీ అటాక్ (వాడికి ఒక ఉచిత దెబ్బ) పడుతుంది, లోపలికి వెళ్లేటప్పుడు మాత్రం ఏమీ కాదు. చేతిలో ఆయుధంతో ఎవరి ముందైనా ఒక్కసారి నిలబడి చూడండి, ప్రాణం మీదికి వచ్చేది లోపలికి అడుగు వేసేటప్పుడే. పొడవైన ఆయుధం ఉన్నవాడికి మొదటి అవకాశం, పొట్టిది ఉన్నవాడు ఆ గీత దాటి లోపలికి వచ్చేస్తే ఆ తర్వాత వాడిది పైచేయి. మీ కర్రసాము ఆయనకి పోలార్మ్ మాస్టర్ ఫీట్ (పొడవైన ఆయుధాల ప్రత్యేక నైపుణ్యం) ఇవ్వండి. 2014 పుస్తకంలో అది పనిచేసే ఆయుధాల జాబితాలో క్వార్టర్‌స్టాఫ్ (పొడవాటి కర్ర) కూడా ఉంది, అందుబాటులోకి ఎవరు వచ్చినా రియాక్షన్‌తో (తన టర్న్ కాకపోయినా) ఒక దెబ్బ వేయొచ్చు. కర్ర పట్టుకుని ఆయన కోరుకున్న ఫైట్ దాదాపు అదే.

క్రిటికల్ టేబుల్స్, శరీర భాగాల టేబుల్స్ గురించి ఒక మాట. డీ20 వేసి తలో కాలో తేల్చడం చూడటానికి నిజంలా ఉంటుంది గానీ దెబ్బలు అలా యాదృచ్ఛికంగా పడవు. 1361లో గోట్లాండ్ దీవిలో విస్బీ కోట బయట జరిగిన యుద్ధంలో చనిపోయినవాళ్ల ఎముకలు సామూహిక సమాధుల్లో దొరికాయి, వాటి మీద కత్తి గాట్లు కాళ్ల మీద విపరీతంగా ఉన్నాయి. డాలు కింద కాలే బయటికి కనిపిస్తుంది కాబట్టి. ఇంగ్లండ్‌లో 1461 నాటి టౌటన్ యుద్ధం సమాధి 1996లో బయటపడింది, అందులో దెబ్బలన్నీ ఎక్కువగా పుర్రెల మీద, ఒక్కో తల మీద ఎన్నో. కింద పడినవాడినో, పరిగెత్తి అలిసిపోయినవాడినో కొట్టిన దెబ్బల్లా ఉంటాయి అవి. ఏం తొడుక్కున్నారు, ఎలా నిలబడ్డారు, ఎవరు పారిపోతున్నారు, వీటిని బట్టి దెబ్బ ఎక్కడ పడుతుందో ఉంటుంది. పాచికకి అది తెలియదు.

ఇలా ఆలోచించి తయారు చేసిన ఆటలు లేకపోలేదు. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ రాసిన స్టీవ్ పెరిన్ స్వయంగా కవచం తొడుక్కుని తలపడే క్రియేటివ్ అనాక్రోనిజమ్ సొసైటీ మనిషి. అందులో కవచం డ్యామేజ్ తగ్గిస్తుంది, కత్తితో ఆపడానికి వేరే రోల్ ఉంటుంది, లెవెల్‌తో పాటు ప్రాణం పెరిగిపోదు. 2002లో ద రిడిల్ ఆఫ్ స్టీల్ అని ఒకటి వచ్చింది, అందులో ఫైట్ మొదలయ్యేటప్పుడు ఇద్దరూ ఒకేసారి ఒక్కో పాచిక బల్ల మీద వేస్తారు, ఎరుపు అంటే కొడతాను, తెలుపు అంటే కాచుకుంటాను. ఇద్దరూ ఎరుపు వేశారా, ఇద్దరూ చచ్చే ప్రమాదం. మా క్లబ్‌లో కొత్తవాళ్లు తలపడితే ఎక్కువసార్లు అదే జరుగుతుంది, ఇద్దరూ ఒకే క్షణంలో కొట్టేసుకుంటారు. ఈ ఒక్క రూల్‌లో కత్తి గురించి ఉన్నంత నిజం ఐదు పేజీల గాయాల టేబుల్‌లో లేదు.

రౌండ్‌కి_రెండు_నిమిషాలు

పైన అందరూ చెప్పింది బాగుంది గానీ టేబుల్ మీద గడియారం సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. ఐదుగురు ప్లేయర్లు, ఎనిమిది మంది శత్రువులు. ఒక్కో దాడికి ఒక రోల్ అదనంగా పెట్టారంటే ఫైట్ గంట నుంచి రెండు గంటలకి వెళ్తుంది. 1986లో ఫీనిక్స్ కమాండ్ అనే తుపాకుల ఆట ఒకటి వచ్చింది, తూటా ఏ ఎముకని తాకిందో టేబుల్స్‌లో వెతుక్కోవాలి. వివరం విషయంలో దాన్ని మించింది లేదు, ఆడేవాళ్లు మాత్రం ఎంతమంది మిగిలారు?

కవచం డ్యామేజ్ తగ్గించే రూల్ ఐదో ఎడిషన్‌లో పెట్టకండి, దయచేసి. ప్లేట్‌కి ఆరు తగ్గించారనుకుందాం. బాకు డ్యామేజ్ 1డీ4 ప్లస్ మూడు, మహా అయితే ఏడు. అంటే బాకు పట్టుకున్నవాడు ఇంటికి పోవచ్చు. మంక్ (ఒట్టి చేతులతో కొట్టే పాత్ర) నాలుగు చిన్న దెబ్బలు కొడతాడు, ఒక్కో దెబ్బ నుంచి ఆరు పోతే వాడి టర్న్ మొత్తం వృథా. గ్రేట్‌స్వోర్డ్ వాడికి పెద్ద నష్టం ఉండదు. మీరు ఒక రూల్ మార్చారనుకుంటారు, మారింది ఎవరు ఏ క్యారెక్టర్ ఆడాలన్నది. ఆ రూల్ గర్ప్స్‌లో బాగుంటుంది, ఎందుకంటే అక్కడ మిగతావన్నీ దాని చుట్టూ కట్టారు.

గర్ప్స్‌కి మారడం గురించి: మేం మారాం, బాగుంది, కానీ అది వేరే ఆట. ఒక టర్న్ అంటే ఒక్క సెకను. స్కిల్ 14 ఉన్నవాడు 3డీ6తో దాదాపు 91 శాతం సార్లు సరిగ్గా కొడతాడు, ఎదుటివాడికీ 14 ఉంటే పారీ (కత్తితో దెబ్బ ఆపే అంకె) 10, సగంసార్లు ఆపేస్తాడు. కాబట్టి కాసేపు కత్తులు తగులుకుంటూ ఉంటాయి, ఒక్కటి తప్పించుకుని లోపలికి వచ్చిందా, పది పన్నెండు పాయింట్లు ఉన్న మనిషికి ఒకే దెబ్బతో సగం దాకా పోతాయి, పైగా ఆ నొప్పికి తర్వాతి టర్న్‌లో నాలుగు దాకా పెనాల్టీ. రెండో దెబ్బకి నిలబడటమే కష్టం. మా గ్రూప్‌లో నిజంగానే అందరికీ భయం వచ్చింది. దాంతో పాటు డ్రాగన్‌తో తలపడదామనే సరదా పోయింది. మీ ఫైటర్ ప్లేయర్ దేనికోసం వస్తున్నాడో ముందు ఆయన్నే అడగండి.

గోబ్లిన్ల_పక్షం

లాంగ్‌స్వోర్డ్ బాబాయ్ గారు టౌటన్ గురించి చెప్పిన ముక్క దగ్గర మనం ఆగాలి. పారిపోవడం. ఈ థ్రెడ్ మొత్తంలో మీ టేబుల్‌కి కావలసిన మందు అదే.

ముందు క్రిటికల్ టేబుల్ లెక్క చెప్పేస్తాను. నేచురల్ 20 పడే అవకాశం 5 శాతం. ఒక ఫైట్‌లో మీ ఫైటర్ మీద పన్నెండు దాడులు జరిగితే, కనీసం ఒక్క 20 పడే అవకాశం 46 శాతం. గోబ్లిన్ (చిన్న రాక్షసి) బతికేది ఒక్క ఫైట్, దానికి చెయ్యి పోతే ఎవరికీ పట్టదు, ఎలాగూ ఇంకో పది నిమిషాల్లో చస్తుంది. ఫైటర్ మాత్రం ప్రతి ఫైట్‌లోనూ ఉంటాడు, ప్రతిసారీ ఆ 46 శాతం ఎదుర్కొంటాడు. నిజం కోసం పెట్టిన టేబుల్ నెల తిరిగేసరికి ముందు వరసలో నిలబడి అందరినీ కాపాడే ప్లేయర్ ఒక్కడినే కుంటివాడిని చేస్తుంది. వెనక నిలబడి ఫైర్‌బాల్ వేసే విజర్డ్‌కి ఏమీ కాదు. ఇది అన్యాయం, దాన్ని నేను చాలా గట్టిగా వ్యతిరేకిస్తాను.

ఇప్పుడు మీ వంతెన. లెక్క చూడండి: బందిపోటు పాచికకి ప్లస్ మూడు కలుస్తుంది, ఆర్మర్ క్లాస్ 18 కొట్టాలంటే 15 లేదా ఆపైన పడాలి, 30 శాతం. ఐదు బాణాల్లో సగటున ఒకటిన్నర తగులుతుంది, ఒక్కోదానికి ఐదున్నర, మొత్తం ఎనిమిది తొమ్మిది పాయింట్లు. మీ ఫైటర్ ఈ లెక్క మనసులో వేసుకునే నడిచాడు, ఆయన తప్పేమీ లేదు. నా ప్రశ్న అవతలి ఒడ్డున ఉన్నవాళ్ల గురించి. నాలుగు రాళ్ల కోసం దారి కాచే ఐదుగురు మామూలు మనుషులు, నిలువెల్లా ఉక్కు తొడిగినవాడొకడు బాణం తగిలినా ఆగకుండా నడుచుకుంటూ మీదికి వస్తున్నాడు, వాళ్లెందుకు అక్కడే నిలబడి ఒక్కొక్కరుగా చచ్చారు? ఈ సీన్‌లో అబద్ధంగా ఉన్నది ఫైటర్ ధైర్యం కాదు, బందిపోట్ల ధైర్యం. వాళ్లలో ఇద్దరు మొదటి బాణం తర్వాతే పారిపోవాలి, ఒకడు క్రాస్‌బో కింద పడేసి మోకాళ్ల మీద కూలబడాలి, నాయకుడు తాడు తెంపి ఏదైనా వంతెన మీదికి దొర్లించాలి. అప్పుడు ప్లేయర్లకి ఫైట్‌లో ప్రాణం ఉన్న మనుషులు కనిపిస్తారు.

దీనికి పాత రూల్ ఒకటి తయారుగా ఉంది. 1981లో టామ్ మోల్డ్‌వే ఎడిట్ చేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్‌లో ప్రతి రాక్షసికీ మొరాల్ (ధైర్యం) అంకె ఉంటుంది, రెండు నుంచి పన్నెండు దాకా. వాళ్ల వైపు మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగం మంది పడిపోయినప్పుడు ఇంకోసారి 2డీ6 వేస్తారు. అంకె కన్నా ఎక్కువ పడితే పారిపోతారు లేదా లొంగిపోతారు. గోబ్లిన్లకి ఏడు. అంటే మొదటి చావుకే 42 శాతం, రెండు పరీక్షలూ కలిపితే దాదాపు మూడింట రెండు సార్లు గోబ్లిన్ల గుంపు చెదిరిపోతుంది. ఒక్క రోల్, రెండు సెకన్లు, ఎవరి క్యారెక్టర్‌కీ నష్టం లేదు, పైగా ఫైట్ పొట్టిదవుతుంది. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో కూడా ఆప్షనల్ రూల్‌గా ఉంది, డీసీ 10 విజ్డమ్ సేవ్, అంటే పాచికకి వివేకం బోనస్ కలిపి కనీసం పది రావాలి. నాకైతే 2డీ6 ఇష్టం, ఎందుకంటే బల్ల మీద అందరి ముందూ వేస్తాం, ఆ రెండు పాచికలు దొర్లుతున్నంతసేపూ ప్లేయర్లు ఊపిరి బిగపట్టి చూస్తారు.

ఇంకో లాభం ఉంది. శత్రువులు పారిపోవడం మొదలుపెట్టాక మా ప్లేయర్లు కూడా పారిపోవడం నేర్చుకున్నారు. అంతకుముందు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, ఎందుకంటే అది ఆటలో చేయదగిన పని అని వాళ్లకి ఎవరూ చూపించలేదు.

ఆదివారం_డీఎం

అందరికీ చాలా థాంక్స్. గోబ్లిన్ల పక్షం గారూ, మీరు చెప్పింది చదివి వినిపిస్తే కర్రసాము ఆయన "ఇదీ మాట" అన్నారు. మొరాల్ ఈ వారం నుంచే పెడుతున్నాం. పోలార్మ్ మాస్టర్ కూడా ఇచ్చేశాను.

రెండు అనుమానాలు మిగిలాయి. ఒకటి, గొంతు మీద కత్తి. మా కథలో త్వరలో విలన్ ఒక రాకుమారుడిని పట్టుకుని గొంతు మీద బాకు పెడతాడు, ఆ రాకుమారుడు ఐదో లెవెల్ ఫైటర్, నలభైకి పైగా పాయింట్లు ఉన్నాయి. బాకు అంటే 1డీ4. ప్లేయర్లకి ఈ లెక్క తెలుసు, "పొడవనీ" అంటారు. రెండోది, పాత రూల్‌బుక్ గారు చెప్పిన ఎత్తు నుంచి పడటం. అది మాత్రం నేను సహించలేకపోతున్నాను.

పాత_రూల్‌బుక్

మొదటిదానికి రూల్ వెతకకండి. డ్యామేజ్ రోల్ తలపడుతున్నవాళ్ల కోసం, ఒకరు కొడుతుంటే ఇంకొకరు తప్పించుకుంటున్నప్పుడు. చేతులు కట్టేసి ఉన్నవాడి గొంతు కోస్తే చస్తాడు, అక్కడ పాచికకి పనిలేదు. 2024 గైడ్‌లో రూల్స్ అంటే ఆ ప్రపంచపు భౌతికశాస్త్రం కాదని నేరుగానే రాశారు, అది చూపించండి. అయితే ఈ మాట ఆ సీన్‌లో చెప్పకూడదు, ఆట మొదలుపెట్టకముందే అందరికీ చెప్పాలి, ప్లేయర్ల క్యారెక్టర్లకీ ఇదే వర్తిస్తుందని కూడా చెప్పాలి. ముందు చెప్పకుండా సీన్ మధ్యలో చెబితే మీ ఫైటర్ ప్లేయర్ మళ్లీ "రాసి ఉన్నదాన్నే నమ్మాను కదా" అంటాడు, ఆయన మాట మళ్లీ న్యాయమే అవుతుంది. ముందే తెలిస్తే ఆయనే ఆ బాకు చూసి ఆగుతాడు. వంతెన దగ్గర మీకు కావలసింది కూడా ఇదే కదా.

గాయాలు నెమ్మదిగా మానడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి: 2014 గైడ్‌లో గ్రిటీ రియలిజం అని ఒక మార్పు ఉంది, షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. పెట్టే ముందు మీ విజర్డ్‌ని అడగండి, ఆయన మంత్రాలు కూడా వారానికి ఒకసారే తిరిగి వస్తాయి. రోజుకి ఒక ఫైట్ మించకుండా నడిచే కథకి బాగుంటుంది, డంజన్‌లో గది తర్వాత గది ఫైట్లు ఉంటే వద్దు.

పడటానికి మాత్రం నా దగ్గర సూటి రూల్ ఉంది. పది అడుగులకి 1డీ6 బదులు 1డీ10 వేయండి, ఇరవై పాచికల హద్దు తీసేయండి. ఇరవై అడుగుల గోడ మీంచి పడితే సగటు 11, పదో లెవెల్ వాళ్లకి పెద్ద తేడా తెలియదు. 200 అడుగులకి సగటు 110 అవుతుంది, మీ ఫైటర్ 84తో నేరుగా సున్నాకి వెళ్తాడు. అక్కడికక్కడే చచ్చిపోడు, మిగిలిన డ్యామేజ్ ఆయన మొత్తం పాయింట్లని దాటితేనే అలా అవుతుంది. లోయ అడుగున స్పృహ లేకుండా పడి ఉంటాడు, టర్న్‌కి ఒక డెత్ సేవ్ (ప్రాణం నిలుస్తుందా అని వేసే పాచిక), మూడు ఫెయిలైతే అంతే. క్లెరిక్ పైన ఉంటాడు. దిగడానికి తాడు ఎవరి దగ్గర ఉందో అప్పుడు అందరూ షీట్లు తిరగేస్తారు.